కరువు సీమకు జెంబే వైద్యం

మా అనంతపురం సీమలో కరువు ఎందుకుంది? వానలు పడక అని మీరంటారు. భూగర్భ జలాలు అడుగంటి అని ఇంజనీర్లంటారు. తప్పు! పచ్చి తప్పు! మాకు తాళజ్ఞానం లేక కరువొచ్చింది. ఈ మహాసత్యం నాకు పోయిన ఆదివారం ఒక పశ్చిమాఫ్రికా డోలు వర్క్‌షాప్‌లో, మేకతోలు బిగించిన కొయ్యడోలును మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నప్పుడు బోధపడింది.

నవ్వకండి. నా అరచేతులు ఇంకా వాచే ఉన్నాయి. ఈ వ్యాసం కూడా ఒంటి వేలితో టైపు చేస్తున్నాను. ఒక మనిషి ఇంత నొప్పి భరించి చెబుతున్నాడంటే అందులో ఎంతో కొంత నిజం ఉండదా?

వారాంతపు వర్క్‌షాపులను ఎగతాళి చేయడం ఈ మధ్య ఫ్యాషనైపోయింది. మట్టి తొక్కే వర్క్‌షాప్, చెట్టును కౌగిలించుకునే వర్క్‌షాప్, మౌనంగా కూర్చునే వర్క్‌షాప్! మౌనంగా కూర్చోవడానికి బెంగళూరు నుంచి ఇంత దూరం రావాలా అని అడిగే మూర్ఖులున్నారు. రావాలండీ! బెంగళూరులో మౌనం ఎక్కడ దొరుకుతుంది? మా దగ్గరైతే పుష్కలం. పంట పోయిన చేలో కూర్చున్న రైతును ఎప్పుడైనా చూడండి, ఏ గురువూ నేర్పకుండానే పొద్దుగూకులూ మౌనంగా ఉంటాడు.

అలాంటి పుణ్యభూమిలో ఒక ఎకో రిసార్ట్ వెలిసింది. శింగనమల అవతల ముళ్లకుంట అనే ఊరుంది. ఊరి పక్కన మొన్నమొన్నటి దాకా వేరుశెనగ చేను ఉండేది. ఇప్పుడక్కడ పచ్చని లాన్ ఉంది. కాటేజీలున్నాయి. ఈత కొలను ఉంది. దాని యజమాని వంశీ. ఊళ్లో పేరున్న కుటుంబం వాళ్లది. సర్పంచ్ పదవి తల్లిది, పెత్తనం తండ్రి ఓబులేసు గారిది, ఊరికి తాగునీళ్లు తోలే ట్యాంకర్ కాంట్రాక్టు కూడా ఆయనదే. ఒకే ఇల్లు ఊరికింత సేవ చేయడం మన ప్రజాస్వామ్యంలోని గొప్పతనం.

ఆ వంశీ నాకు ఫోన్ చేసి, "సార్, గినీ దేశం నుంచి ఒక మాస్టర్ వస్తాండాడు. జెంబే అని డోలు నేర్పిస్తాడు. మీరు వచ్చి నాలుగు మాటలు రాయల్ల" అన్నాడు. భోజనం కూడా అక్కడే అన్నాడు. కళాభిమానం వల్ల నేను వెంటనే ఒప్పుకున్నాను.

నా భార్య సునందకు కళాభిమానం తక్కువ. "ఇంట్లో పిండి రుబ్బమంటే బుజాలు నొప్పంటావు. ఆడికి పోయి డోలు కొడతావా?" అంది. ఇది రుబ్బురోలు కాదనీ, దీనివల్ల లోపల పేరుకున్న స్ట్రెస్ బయటికి పోతుందనీ బ్రోషర్ చదివి వినిపించాను. "నీకేం స్ట్రెస్ ఉండాది? తిని పండుకునేదానికి కూడా స్ట్రెస్సేనా?" అంది. గొప్ప ఉద్యమాలన్నిటికీ మొదటి వ్యతిరేకత ఇంట్లోంచే వస్తుందని చరిత్ర చెబుతోంది కాబట్టి నేను పట్టించుకోలేదు.

శింగనమలలో బస్సు దిగి ఆటో ఎక్కాను. ముళ్లకుంట ఊరి మొదట్లో, రోడ్డు పక్కన కానుగ చెట్టు నీడలో బిందెలు వరుసగా పెట్టి ఉన్నాయి. వాటి వెనకాల కొంతమంది ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఒకామె లేచి వచ్చి ఆటోను ఆపింది. ఆమె పేరు సుబ్బరత్నమ్మ అని తర్వాత తెలిసింది.

"అన్నా, దోవలో నీళ్ల ట్యాంకర్ యాడన్నా కనపడిందా?"

కనపడలేదన్నాను. ఎప్పట్నించి చూస్తున్నారని అడిగాను.

"తెల్లారి నుంచి చూస్తాండాం. ఇంట్లో నా బిడ్డ బాలింత. ఈ పొద్దు పురుడు. తలకు నీళ్లు పొయ్యల్ల, బిడ్డకు పొయ్యల్ల, బట్టలన్నీ తడపల్ల. సుట్టాలు వచ్చి కూసున్నారు. ఇంట్లో చూస్తే తాగేదానికి ఒక్క చెంబు ఉండాది. నేనేం చేసేదన్నా?"

ఆటో డ్రైవర్ మధ్యలో కల్పించుకున్నాడు. "ఈ పొద్దు ట్యాంకర్ రాదు కదమ్మా. రిపేరంట. ఊరి వాట్సాప్ గ్రూపులో ఏసినారు."

"మాకు యాడివప్పా ఆ ఫోన్లు! ముందర అయితే ట్యాంకర్ ఊర్లోకి వస్తానే గంగప్ప తప్పెట కొడతాండె. యాడున్నా ఇనపడతాండె. చేన్లో ఉంటే చేన్లోంచి ఉరుకొస్తాంటిమి. ఇప్పుడు ఆ తప్పెటా లేదు, ఏమీ లేదు. ఎవరన్నా బిందె ఎత్తుకొని ఉరికితే వాళ్ల ఎనకాల ఉరికేదే."

ఇక్కడ పట్నం పాఠకులకు ఒక మాట చెప్పాలి. మా పల్లెల్లో ఊరికే డోలు కొట్టరు. తప్పెట మోగిందంటే జాతరైనా ఉండాలి, శవమైనా లేవాలి, చాటింపైనా ఉండాలి. ముళ్లకుంటలో ఎండాకాలం తప్పెట మోగితే ఒకటే అర్థం, నీళ్లొచ్చాయి అని. ఆ చాటింపు వేసే గంగప్పను, డిజిటల్ పాలన వచ్చింది కాబట్టి ఇక నీ అవసరం లేదని పంచాయతీ ఇంటికి పంపింది. ఎంత ముందడుగు! వెనకటికి తప్పెట మోత చెవులున్న ప్రతివాడికీ వినపడేది. ఇప్పుడు మంచి ఫోనూ, అందులో డేటా ఉన్న యోగ్యులకు మాత్రమే నీళ్ల కబురు అందుతుంది. నీటి పొదుపు అంటే ఇదే కదా!

సుబ్బరత్నమ్మకు ధైర్యం చెప్పాను. ఓర్పు ఉంటే అన్నీ సమకూరుతాయన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు పోప్పా" అంది. నేను పోయాను.

రిసార్ట్ గేటు దగ్గర కాకీ చొక్కా, నెత్తిన టోపీ, మెడలో విజిల్‌తో ఒక మనిషి సెల్యూట్ కొట్టాడు. పేరడిగితే గంగప్ప అన్నాడు. అవును, ఆ గంగప్పే! తప్పెట పోయింది, విజిల్ వచ్చింది. దాన్నే నైపుణ్యాభివృద్ధి అంటారు. లోపల డోలు నేర్పుతున్నారట కదా, నువ్వు కూడా వచ్చి కూర్చోరాదా అని అడిగితే, "స్టాఫ్‌కు లోపలికి లేదు సార్. ఈడ్నుంచే ఇంటాండా" అన్నాడు.

లోపల పెట్టిన అడుగు స్వర్గంలో పడింది. లాన్ మీద సన్నటి తుంపర్లు చల్లే పైపులు తిరుగుతున్నాయి. కరువు జిల్లాలో అతిథికి మొదట చూపించాల్సింది నీళ్లే కదా! ఒక అమ్మాయి పుదీనా ఆకులు తేలుతున్న నీళ్లిచ్చి "హైడ్రేట్ చేసుకోండి సర్" అంది. ఆ మాట విని నాకు కళ్లు చెమర్చాయి. మా ఊళ్లలో ఇంత ముద్దుగా నీళ్లు తాగమన్నవాళ్లు ఎవరున్నారు?

వర్క్‌షాప్ నడిపేది బెంగళూరు నుంచి వచ్చిన పద్మప్రియ గారు. ఆమె విజిటింగ్ కార్డు మీద "రిథమ్ హీలర్" అని ఉంది. అందరినీ లాన్ మీద గుండ్రంగా కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని తమ తమ స్ట్రెస్‌కు ఒక రూపం ఇవ్వమన్నారు. ఒకాయన తన స్ట్రెస్ తన బాస్‌లాగా ఉందన్నాడు. ఒకామె స్ట్రెస్ నెట్‌వర్క్ సిగ్నల్‌లాగా వచ్చి పోతోందట. నాకు ఎంత ప్రయత్నించినా సునంద తప్ప ఎవరూ కనపడలేదు. ఆ సంగతి పైకి చెప్పలేదు.

అప్పుడు మాస్టర్ వచ్చారు. పేరు బూబకర్. మనిషి పొడుగు, నవ్వు ఇంకా పొడుగు. నెరిసిన గడ్డం, నీలం రంగు వదులు చొక్కా. చెప్పులు విడిచి, వంగి డోలును ఒకసారి చేత్తో తాకి కూర్చున్నారు. కాసేపు ఆయన వాయించారు. ఏం చెప్పమంటారు! ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు, దయచేసి వెతకవద్దు. ఆ చేతులు పడుతుంటే నా గుండె వాటి వెంట పోయింది. గేటు దగ్గర గంగప్ప విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయి నిలబడ్డాడు.

తర్వాత మా వంతు. డోలు నడిమధ్య అరచెయ్యి మొత్తం పడితే ఒక మోత, అంచు మీద వేళ్లు పడితే ఒక మోత, వేళ్లు విడదీసి చరిస్తే ఇంకో మోత. మూడే. ఆ మూడింటితో గినీలో ఊళ్లు నడుస్తాయట. మేం కొడితే మాత్రం మూడూ ఒకేలా మోగాయి, తలుపు తీయమని గట్టిగా కొట్టినట్టు. బూబకర్ గారు ఓపికగా ప్రతి ఒక్కరి దగ్గరికీ వచ్చి చెయ్యి పట్టుకుని సరిచేశారు. నా చేతిని చూసి, "మీరేం పని చేస్తారు?" అని ఇంగ్లీషులో అడిగారు. రచయితనని చెప్పాను. జాలిపడ్డారు.

నా పక్కన అనంతపురం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. వాళ్ల ఊళ్లో జాతరప్పుడు తప్పెట కొట్టేవాళ్లను అరుగు దగ్గరికి రానివ్వరని ఆయనే ఒకసారి నాతో గర్వంగా చెప్పాడు. తోలు ముట్టుకున్న చేతులట! ఆ మహానుభావుడే ఇప్పుడు మేకతోలును రెండు కాళ్ల మధ్య పెట్టుకుని, దాన్ని నిమిరి, "ఎంత ప్యూర్ సౌండండీ!" అని కళ్లు మూసుకున్నాడు. వర్క్‌షాపుల వల్ల సమాజంలో మార్పు రాదని ఎవరన్నారు? తోలుకు ఇంగ్లీషు మాట్లాడడం వస్తే చాలు, అంటు దానంతటదే పోతుంది.

చేతులు కాస్త కుదుటపడ్డాక బూబకర్ గారు ఒక పెద్ద దరువు మొదలుపెట్టారు. ఊరంతా కలిసి పొలం పనికి పోయేటప్పుడు వాయించేదట. మమ్మల్ని గట్టిగా కొట్టమన్నారు. కొడుతుండగా ఆపి, పద్మప్రియ గారిని ఒక ప్రశ్న అడిగారు.

"ఇది పిలిచే దరువు. మనం ఎవర్ని పిలుస్తున్నాం?"

పద్మప్రియ గారు తడుముకోలేదు. "మనల్ని మనమే పిలుచుకుంటున్నాం మాస్టర్. లోపలి మనిషిని."

బూబకర్ గారు డోలు మీంచి చెయ్యి తీశారు. "మా ఊళ్లో లోపల ఉన్న మనిషి ఇంట్లోనే ఉంటాడు. బయట ఉన్నవాళ్ల కోసం కొడతాం" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఎంత లోతైన తత్త్వం! ఒకాయన దాన్ని అక్కడికక్కడే స్టేటస్‌గా పెట్టాడు.

మళ్లీ మొదలైంది మోత. ఈసారి బూబకర్ గారి చెయ్యి ముందు నడిస్తే మేమంతా వెనకాల పడ్డాం. లాన్ అదిరింది. కాటేజీ అద్దాలు అదిరాయి. కొక్కెర ఒకటి ఈత కొలను మీంచి లేచి శింగనమల చెరువు వైపు పారిపోయింది. నాలో ఏళ్ల తరబడి గడ్డకట్టిన స్ట్రెస్ కరిగి చెమటగా కారుతోందని పద్మప్రియ గారు చెప్పారు. ఎండ వల్ల కారుతోందేమో అని నాకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది కానీ అణిచేసుకున్నాను.

సరిగ్గా ఆ ఊపులో గేటు దగ్గర కేకలు వినపడ్డాయి. గంగప్ప విజిల్ ఊదుతున్నాడు. ఎవరు లెక్కచేస్తారు? సుబ్బరత్నమ్మ ముందు, మిగతా ఆడవాళ్లు వెనక, చంకన బిందె, చేతిలో బిందె, పైట నడుముకు బిగించి పరుగున లోపలికి వచ్చేశారు.

"యా లైన్లో నిలబడల్ల?" అని సుబ్బరత్నమ్మ రొప్పుతూ అడిగింది.

బెంగళూరు వాళ్ల ఆనందం చూడాలి! ప్యాకేజీలో "లోకల్ ఎక్స్‌పీరియన్స్" అని ఒక మాట ఉంది. ఇదే అది అనుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి. ఒకమ్మాయి లైవ్ పెట్టి, "గైస్, విలేజ్ విమెన్ మన రిథమ్‌కి రెస్పాండ్ అవుతున్నారు!" అని చెబుతోంది. ఇంకొకామె ఒక ముసలావిడ బిందె అడిగి తీసుకుని, తలమీద పెట్టుకుని ఫోటో దిగింది. ముసలావిడ మాత్రం ఖాళీ బిందెతో ఈ పిల్ల ఏం చేస్తుందా అని బిత్తరపోయి చూసింది.

వంశీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమప్పా గంగప్పా, గేటు ఎందుకు తీసినావు?"

"నేను తియ్యలేదన్నా. తోసుకొని వచ్చినారు. తప్పెట ఇనపడిందంట."

"ఏమప్పా వంశీ!" సుబ్బరత్నమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "కొట్టి పిలిచేది మీరే, ఎందుకొచ్చినారనేది మీరేనా? బిన్నా చెప్పు, పొద్దు పోతాండాది, ఇంట్లో బాలింత నీళ్ల కోసరం కూసోనుండాది. ట్యాంకర్ యాడ?"

"ట్యాంకర్ లేదు, ఏమీ లేదు. రిపేరని గ్రూపులో ఏసినాము గదక్కా. ఇది తప్పెట కాదు, జెంబే! ఆఫ్రికాది."

"ఏ దేశందైతే మాకేంటికప్పా! కొడితే మోగుతాది గదా. మోగితే నీళ్లొచ్చినట్లు. మాకు తెలిసింది అదే."

"నీళ్లు లేవంటాండా గదా! ఈడ ఏ ట్యాంకరూ లేదు. పోండి, గెస్టులుండారు."

ఆడవాళ్ల మొహాలు వాడిపోయాయి. సుబ్బరత్నమ్మ చేతిలోని బిందె కిందికి జారింది. "అయ్యో, ఉత్తుత్తగా ఉరుకొస్తిమే" అని వెనకాల ఎవరో అన్నారు. ఆ పల్లె పామరుల అజ్ఞానానికి మేమంతా లోలోపల చిరునవ్వు నవ్వుకున్నాం. ఆఫ్రికా డోలుకూ, నీళ్ల చాటింపుకూ తేడా తెలియకపోతే ఎలా చెప్పండి!

అప్పుడే కాటేజీల వెనకనుంచి లుంగీ పైకి కట్టుకుంటూ ఒక మనిషి వచ్చాడు. ట్యాంకర్ డ్రైవర్ చిన్నప్ప. ఇక్కడ ఏం జరుగుతోందో పాపం అతనికి తెలియదు.

"వంశీ అన్నా, స్విమ్మింగ్ పూల్ నిండింది. ట్యాంకులో ఇంకా సగం నీళ్లుండాయి. లాన్‌కు ఇడ్సల్లా, ఎట్ల?"

చిన్నప్ప ఆడవాళ్లను చూశాడు. బిందెలను చూశాడు. కట్టుకుంటున్న లుంగీని సగంలో వదిలేసి వెనక్కి ఒక అడుగు వేశాడు.

సుబ్బరత్నమ్మకు ఒళ్లు మండిపోయింది. "రిపేరంటివే! రిపేరైన ట్యాంకర్ నీ కొలను నింపుతాండాదా? నా బిడ్డ ఒంటికి రాసిన ఆముదం ఎండిపోయి కూసోనుంటే, ఈడ ఆడుకునేదానికి నీళ్లా? మీ నాయన్ని పిలువప్పా, ఆయప్పనే అడుగుతా!"

"అక్కా, అక్కా, గెస్టుల ముందర కాదు" అని వంశీ చేతులు జోడించాడు. గెస్టుల చేతుల్లో లైవ్ ఇంకా నడుస్తూనే ఉంది.

బూబకర్ గారు డోలు వదిలి లేచారు. ఈ అమ్మలు ఎందుకొచ్చారని అడిగారు. "మీ సంగీతానికి పరవశించి వచ్చారు మాస్టర్" అని పద్మప్రియ గారు అన్నారు. ఆయన నమ్మలేదు. పరవశించేవాళ్లు బిందెలు తెచ్చుకోరన్న జ్ఞానం ఏ దేశస్థుడికైనా ఉంటుంది కాబోలు. నావైపు తిరిగారు. నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో ఉన్నది చెప్పేశాను. ఊరి తప్పెట సంగతి, ట్యాంకర్ సంగతి, బాలింత సంగతి. చెబుతుంటే ఎందుకో ఇంగ్లీషు మధ్యలో తెలుగు దొర్లింది. భోజనం ఇంకా పెట్టలేదు కాబట్టి నీరసమై ఉంటుంది.

ఆయన అంతా విని వంశీతో ఒక్కటే అన్నారు. "మా ఊళ్లో కూడా ఎండాకాలం బావి అడుగంటుతుంది. డోలు కొట్టి పిలిచి, వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపినవాడి ఇంట్లో మళ్లీ ఎవరూ డోలు పట్టరు. పిలిచింది నేను. ఈ కుండలు నిండేదాకా నా పాఠం ముందుకు పోదు."

వంశీ ఫోన్ల వైపు చూశాడు, మాస్టర్ వైపు చూశాడు, "చిన్నప్పా, పైపు ఇట్ల తీసకరా" అన్నాడు.

ఇక్కడ నేను పద్మప్రియ గారి సమయస్ఫూర్తిని కొనియాడకుండా ఉండలేను. ఆమె వెంటనే చప్పట్లు కొట్టి, "ఫ్రెండ్స్, ఇది మన బోనస్ సెషన్! వాటర్ క్యారీయింగ్ మెడిటేషన్!" అని ప్రకటించారు. అంతే! ఐటీ కంపెనీల మేనేజర్లు లేచి బిందెలు పట్టుకున్నారు. అంటు పోయిన మా అనంతపురం పెద్దమనిషి కూడా ఒక బిందె ఎత్తి, శ్వాస మీద ధ్యాస పెట్టి నాలుగడుగులు నడిచి, నడుం పట్టేసి కూర్చున్నాడు. బూబకర్ గారు పొలం పని దరువు మళ్లీ మొదలుపెట్టారు. ఆడవాళ్లు ఆ దరువుకు తగ్గట్టు బిందెలు ఎత్తుకుని పోతున్నారు, ఖాళీ చేసి వస్తున్నారు. గేటు దగ్గర గంగప్ప విజిల్ జేబులో వేసుకుని, గేటు బార్లా తీసి పట్టుకుని నిలబడ్డాడు.

సుబ్బరత్నమ్మ చివరి బిందె చంకన పెట్టుకుని బూబకర్ గారి దగ్గరికి వచ్చింది. "సల్లగా ఉండు నాయనా" అంది. నేను అనువదించబోయాను. ఆయన అక్కర్లేదని చెయ్యి ఊపి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని తలవంచారు. తర్వాత ఆమె నావైపు చూసి, "ఏమప్పా, ఈ అన్న మల్లెప్పుడు కొడతాడు?" అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను.

ఇక నా వాదానికి ఎవరైనా ఎదురు చెప్పగలరా? వాట్సాప్‌ను నమ్మినవాళ్లు ట్యాంకర్ రిపేరని ఇంట్లో కూర్చున్నారు. డోలును నమ్మినవాళ్లు బిందెలు నింపుకున్నారు. ఆ సాయంత్రం ముళ్లకుంటలో బాలింతకు వేణ్ణీళ్లు పోశారు, బిడ్డకు పోశారు, ఉయ్యాలలో వేశారు. ఇన్నాళ్లూ చెరువుల పూడిక తీశాం, చెక్‌డ్యాములు కట్టాం, కాలవలు తవ్వాం, శంకుస్థాపన రాళ్లు నాటాం. రాళ్లయితే బాగా ఎదిగాయి. కానీ ఒక డోలు పొద్దు తిరక్కుండా చేసిన పని వీటిలో ఏది చేసింది?

కాబట్టి ప్రభుత్వానికి నా సవినయ విజ్ఞప్తి. విడపనకల్లు నుంచి కదిరి దాకా ప్రతి మండలానికీ ఒక ఆఫ్రికా మాస్టర్‌ను నియమించాలి. ఊరికో వర్క్‌షాప్ పెట్టాలి. లైవ్‌లు తప్పనిసరి చేయాలి. మన తప్పెట కొడితే ట్యాంకర్ దారి తప్పొచ్చు, మన మనిషి అడిగితే రిపేరు రావచ్చు. విదేశీయుడు వాయిస్తుంటే, ఫోన్లు చూస్తుంటే, చెడిపోయిన బండి కూడా సగం నీళ్లతో బయటికొస్తుంది. ఇంతకన్నా చవకైన నీటిపారుదల పథకం ఎక్కడుంది?

ఇలా ఉత్సాహంగా రాస్తుండగా నిన్న వంశీ ఫోన్ చేశాడు. సుబ్బరత్నమ్మకిచ్చిన మాట గుర్తొచ్చి, మళ్లీ వర్క్‌షాప్ ఎప్పుడని అడిగాను.

"వచ్చే నెల సార్. పెద్ద బ్యాచ్. గెస్టుల రివ్యూలన్నీ సూపర్. వాటర్ మెడిటేషన్ మల్ల కావాలంటాండారు. దానికి మేమే కొన్ని ఇత్తడి బిందెలు కొంటాండాం."

"మరి ఊళ్లోవాళ్లకు?"

"ఆ ఇబ్బంది లేకుండా చేస్తాండాం సార్. మా నాయన చెప్పినాడు. లాన్ మీద పెట్టేది లేదింక. అద్దాల హాలు కట్టిస్తాండాం. ఏసీ, ఫుల్ సౌండ్‌ప్రూఫ్. లోపల ఎంత కొట్టినా బయటికి ఇనపడదు. పాపం పల్లెటూరోళ్లు, ఇంటే ఊరికే ఆశపడతారు గదా!"

ఎంత దయగల మనసు! సౌండ్‌ప్రూఫ్ అద్దానికి బెంగళూరులో ఆర్డర్ కూడా ఇచ్చేశారట. నాకు ఒక్కటే అర్థం కావడం లేదు. లోపలి మోత బయటికి పోకుండా అద్దాలు కావాలి, సరే. బయట ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పొద్దుట్నుంచి మొత్తుకుంటే లోపలికి వినపడకుండా ఇన్నేళ్లుగా ఏ అద్దమూ లేకుండానే ఎలా కుదిరిందండీ?